సైకిలు పక్కన కుక్క: తాడు ఎక్కడ కట్టాలి, ఏ దోవ పట్టాలి

మా మణి నాటు కుక్క. గోధుమ రంగు, తోక కొసన తెల్ల మచ్చ, పద్దెనిమిది కిలోల బరువు. మా చిత్తూరు వైపు వీధికిద్దరు మణులుంటే అందులో ఒకడు కుక్కే అయివుంటాడు. వాడికి నడక చాలడం లేదని, ఇంట్లో చెప్పులన్నీ నమిలేస్తున్నాడని రెండేళ్ళ కిందట సైకిలు ఆలోచన వచ్చింది. తాడు కొసను హ్యాండిల్‌కు రెండు చుట్లు చుట్టి, తిరుపతిలో తిరుచానూరు రోడ్డు పక్క వీధిలోకి బయల్దేరాను. రెండు వందల గజాలు రాజాలాగా పోయాం. ఆగివున్న ఆటో కింద నుంచి పిల్లి ఒకటి దూకింది. తాడు బిగిసిందని నాకు తెలిసేలోపే హ్యాండిల్ ఎడమకు అడ్డంగా తిరిగిపోయింది. నేను మాత్రం నేరుగా ముందుకే పోయాను. బెల్లు మూత ఊడి, దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. ఎదురుగా ఇడ్లీలు పోస్తున్న పెద్దామె గరిటె పక్కన పెట్టి, "కుక్క నిన్ను తోలుకోని పోతా ఉండాదా నాయనా, నువ్వు కుక్కనా?" అనింది.

అరచేతి తోలు మళ్ళీ రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ ఆలోచించింది, తర్వాత ఒక్కొక్కటిగా చేసి చూసింది ఇక్కడ రాస్తున్నాను. కుక్కతో సైకిలు తొక్కాలనుకునేవాళ్ళు మొదట అడిగేది ఏ తాడు కొనాలని. అడగాల్సింది కుక్క లాగే లాగుడు సైకిల్లో ఎక్కడ పడుతుందని.

తాడు కట్టే చోట్లు

సైకిలు పడిపోకుండా నిలబడేది ముందు చక్రం క్షణక్షణానికీ అటొకింత ఇటొకింత సర్దుకోవడం వల్లే. హ్యాండిల్‌కు తాడు కట్టామంటే ఆ చక్రాన్ని తిప్పే పని కుక్క చేతికి ఇచ్చినట్టే. కుక్క ఎంత బుద్ధిమంతురాలైనా సరే, ఈ పద్ధతి వద్దు. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

చేత్తో పట్టుకోవడం దానికంటే మేలనిపిస్తుంది, ఎందుకంటే వదిలేయొచ్చు. వదిలేయొచ్చు సరే, బ్రేకు సంగతేంటి? మన సైకిళ్ళలో చాలావాటికి కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. మీదెట్లా ఉందో ఒకసారి నొక్కి చూసుకోండి. ఎడమచేత్తో తాడు పట్టుకుంటే గాభరాలో మిగిలేది కుడిచేతి బ్రేకు ఒక్కటే. ఒంటిచేత్తో ముందు చక్రాన్ని గట్టిగా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగురుతాడు. పైగా తాడు జారిపోతుందని చాలామంది మణికట్టుకు చుట్టుకుంటారు, అప్పుడు వదిలేయొచ్చన్న ఒక్క లాభమూ పోయింది. సైకిలును తోసుకుంటూ నడిచే రోజుల్లో, కుక్కకు చక్రాల చప్పుడు అలవాటయ్యేదాకా, చేత్తో పట్టుకోవడం బాగానే పనికొస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది.

నడుముకు కట్టుకునే బెల్టు కూడా వాడి చూశాను. పరుగెత్తే మనుషులకు అది చాలా మంచిది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. సైకిలు మీద మాత్రం బరువంతా సీటు పైనే ఉంటుంది, ఆ ఎత్తున ఎవరైనా పక్కకు లాగితే మనిషీ సైకిలూ కలిసే ఒరుగుతాయి. మణి ఒక తొండ కోసం ఓ గుంజు గుంజాడు. నేను పడలేదు, ఎందుకంటే పక్కన గోడ ఉంది.

మిగిలింది వెనక పక్క కడ్డీ. నా ఓటు దీనికే. ఆన్‌లైన్‌లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి సీటు గొట్టానికి బిగించే పైపు, లోపల సాగే తాడు ఉంటుంది. రెండోది ఇంకా కింద, ఫ్రేముకు పట్టే కడ్డీ, దానికి మందపాటి స్ప్రింగు చుట్ట. రెండింటిలో కిందకు ఉండేదే నయం. లాగుడు నేలకు ఎంత దగ్గరైతే సైకిలు అంత తక్కువ ఒరుగుతుంది. వెనక ఇరుసు దగ్గర గుంజితే సైకిలు మొత్తం కాస్త పక్కకు జరుగుతుందే గానీ ముందు చక్రం దాని దోవన అది పోతుంది. స్ప్రింగు గుంజుడును మింగేస్తుంది, కుక్క మెడకూ మీ నడుముకూ కుదుపు తగలదు.

నేను కొనలేదు, చేయించాను. మా వీధి చివర సైకిల్ షాపు అన్న మొదట నవ్వాడు. తర్వాత క్యారేజీ కాళ్ళు ఇరుసు దగ్గర బిగించే నట్టు చూసి, "ఈడ పట్టిద్దాం, యాడికీ పోదు" అని మూరెడు ఇనప పైపు కోసి, కొసన స్ప్రింగు తగిలించి, దానికి ఒక కొక్కీ పెట్టాడు. పైపు మొన కాలికి గీసుకోకుండా పాత హ్యాండిల్ గ్రిప్పు తొడిగించాను. చేయించుకునేవాళ్ళు కొలత దగ్గర జాగ్రత్తపడాలి. కుక్క భుజం మీ పెడల్‌కు సమంగా రావాలి. తాడు పొడుగైతే ముందు చక్రానికి అడ్డం వస్తుంది, లేదంటే వెనక చక్రం చుట్టూ తిరిగి అటువైపు వస్తుంది. పొట్టిదైతే పెడల్ దాని పక్కటెముకలకు తగులుతుంది. మొదటిసారి కొలిచేటప్పుడు కుక్కను కాదు, ఇంకో మనిషిని తాడు పట్టుకుని వంగి నడవమనండి. మా తమ్ముడు ఈ పని చేశాడు గానీ ఆ వంగడం గురించి ఇప్పటికీ దెప్పుతుంటాడు.

ముందు తాడు కట్టి కుక్క చేత సైకిలును లాగించుకునే ఆట ఒకటుంది, బైక్‌జోరింగ్ అంటారు. మంచులో కుక్కలు బండ్లు లాగే దేశాల నుంచి వచ్చింది. మెత్తటి మట్టిదారీ, ఎడమా కుడీ చెబితే వినే కుక్కా, ఎదురు ఎవరూ రాని తోవా ఉంటే బ్రహ్మాండంగా ఉంటుంది. తిరుపతిలో ఎదురు ఎవరూ రాని తోవ ఎక్కడుందో మీకు తెలిస్తే నాకూ చెప్పండి.

ఏది కట్టినా మెడబెల్టుకు మాత్రం కట్టొద్దు. ఒక్క గుంజుడుకు గొంతు గొట్టం నలిగిపోవచ్చు. ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్, అందులోనూ ఛాతీ మీద ఇంగ్లీషు Y ఆకారంలో పట్టీ వచ్చేది, వెయ్యండి. భుజాల మీద అడ్డంగా పట్టీ వచ్చే రకంలో ముందుకాలు పూర్తిగా చాచలేక కుక్క చిన్న చిన్న అడుగులేస్తుంది. కొనేటప్పుడే తొడిగి నడిపించి చూసుకోవచ్చు.

ఎడమ పక్కా, కుడి పక్కా?

ఎడమే. విదేశీ వీడియోల్లో కుక్క కుడిపక్కన కనిపిస్తుంది, అక్కడ చాలా దేశాల్లో బండ్లు కుడివైపు పోతాయి కాబట్టి. మనం ఎడమన పోతాం. కుక్క రోడ్డు అంచున ఉండాలి, బస్సుకూ దానికీ నడుమ మనం ఉండాలి. ఇంకో కలిసొచ్చిన సంగతేమంటే సైకిలు చైనూ పళ్ళచక్రమూ కుడిపక్కన ఉంటాయి. ఎడమన తాడు చిక్కుకోవడానికి అంత ఇనుము లేదు.

ఒక్కటే చిక్కు. మనం సైకిలు ఎక్కేదీ దిగేదీ ఎడమ పక్క నుంచే, చిన్నప్పటి నుంచీ. అక్కడ ఇప్పుడు కుక్క నిలబడి ఉంటుంది. వారం రోజులు నేను మణి తోక తొక్కాను. దీనికి మందు లేడీస్ సైకిలు. అడ్డగొట్టం ఉండదు, కాలు చాచి దూకే పని లేదు, ఏ పక్క నుంచైనా దిగిపోవచ్చు. వెనక చక్రానికి జాలీ ఉంటే తాడుగానీ తోకగానీ పుల్లల్లో పడదు. రెండుకాళ్ళ స్టాండు ఉంటే ఆపి నీళ్ళు పట్టేటప్పుడు సైకిలు పడదు. ముందుకు వంగి తొక్కే గేరు సైకిలు చూడ్డానికి బాగుంటుంది గానీ, ఈ పనికి మా అక్క పాత లేడీస్ సైకిలుకున్న యోగ్యత దానికి లేదు. స్కూటీ మీద కూర్చుని కుక్కను పరుగెత్తించే వాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు. యాక్సిలరేటర్ తిప్పేవాడికి ఆయాసం రాదు, అందుకే పక్కనున్న దానికి వచ్చిందనీ తెలియదు. పైగా పొగ దాని మూతి ఎత్తునే ఉంటుంది.

ఫ్యూజు

ఇంట్లో కరెంటుకు ఫ్యూజు ఉన్నట్టే తాడుకూ ఒకటి ఉండాలి. కుక్క కరెంటు స్తంభానికి అటువైపు, మీరు ఇటువైపు పోతే ఏదో ఒకటి తెగాలి. గట్టి తాడైతే తెగేది మీ కాలో దాని కాలో. అందుకని స్ప్రింగుకూ తాడుకూ నడుమ ఒక సన్నటి నూలుపట్టీ కడతాను. మామూలు లాగుడుకు ఆగుతుంది, స్తంభానికి చుట్టుకుంటే తెగుతుంది. ఎంత మందం కావాలో కుక్క బరువును బట్టి ఇంటి దగ్గరే గుంజి చూసుకోవాలి.

తెగితే కుక్క రోడ్డు మీద వదులుగా ఉంటుంది కదా అంటారు. నిజమే. అందుకే పిలిస్తే తిరిగొచ్చే అలవాటు లేని కుక్కకు ఈ ఫ్యూజూ పెట్టొద్దు, అసలు సైకిలు పక్కకే తీసుకురావొద్దు. మాటలు నాలుగు చాలు: పద, నిదానం, ఆగు, రా. ఇంట్లో అందరూ అవే మాటలు అనాలి. మా అమ్మ "నిల్లు" అంటుంది, వాడు నిలబడడు, తప్పు వాడిదంటుంది.

ఏ కుక్కకు, ఏ కుక్కకు వద్దు

పగ్గు, బుల్‌డాగు, షిట్జు, చప్పిడి ముక్కున్న ఏ జాతికీ వద్దే వద్దు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త, మిగతా వేడంతా రొప్పి నాలుక మీదుగానే బయటికి పంపాలి. ముక్కే పొట్టిదైతే ఆ పని సగంలో ఆగిపోతుంది. వాటికి క్యారేజీ మీద లోతైన బుట్ట కట్టి కూర్చోబెట్టండి, గాలి తిరిగొస్తాయి, మీకూ వ్యాయామం.

కుక్కపిల్లలకూ వద్దు. ఎముకల చివర్లు గట్టిపడడానికి చిన్న జాతులకు ఏడాది, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటికి ఏడాదిన్నర దాకా పడుతుంది. అంతకుముందే రోజూ తారురోడ్డు మీద పరుగెత్తిస్తే కీళ్ళు పాడవుతాయి. లావెక్కిన లాబ్రడార్‌ను సన్నబరచడానికి సైకిలు పెడదామనుకునేవాళ్ళు ముందు దాని అన్నం తగ్గించాలి, నడిపించాలి, డాక్టరుకు తుంటి చూపించాలి, ఆ తర్వాతే సైకిలు. మన తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది, దానికి తోడు 2005లో వెటర్నరీ యూనివర్సిటీయే వచ్చింది. ఈ ఒక్క విషయంలో మనం చాలా ఊళ్ళకంటే అదృష్టవంతులం.

చిప్పిపారై, రాజపాళయం లాంటి తమిళనాడు వేటకుక్కలు మన సరిహద్దు ఊళ్ళలోనూ కనిపిస్తాయి. పరుగులో వాటికి సాటి లేదు. కానీ అవి కంటితో వేటాడేవి. దూరాన కుందేలో పిల్లో కదిలితే చెవులు పనిచెయ్యవు, అప్పుడు ఏ స్ప్రింగూ సరిపోదు. వాటిని మనిషి కాలినడకన పట్టుకుని పరుగెత్తడం, లేదా చుట్టూ గోడ ఉన్న తోటలో వదిలెయ్యడం మేలు. సైకిలుకు అన్నివిధాలా సరిపోయేది నాటు కుక్కే. పొడుగు కాళ్ళు, పొట్టి బొచ్చు, ఎండకు అలవాటైన ఒళ్ళు. మణిని చూసి పక్షపాతంతో అంటున్నానని మీరనుకుంటే అనుకోండి.

వేగం మీ ఇష్టం కాదు. కుక్క జోరు నడకలో, అంటే ఒక పక్క ముందుకాలూ రెండో పక్క వెనకకాలూ జతగా పడే నడకలో, గంటకు పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఆ నడకలో గంటలకొద్దీ అలవకుండా పోగల జంతువు అది. దాన్ని దాటి నాలుగు కాళ్ళ దూకుడులోకి వచ్చిందంటే మీరు ఎక్కువ తొక్కుతున్నారని అర్థం. మొదటి వారం పది నిమిషాలు చాలు, నడుమ ఒకటి రెండుసార్లు ఆగాలి. కడుపు నిండా తిన్నాక కనీసం రెండు గంటలు పరుగు పెట్టొద్దు, లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు పొట్ట ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంటుంది.

దోవ

ఇక్కడే తిరుపతి మిగతా ఊళ్ళకంటే వేరు. మనకు ఎండ ఒకవైపు నుంచి తరుముతుంది, కొండ ఇంకోవైపు నుంచి.

మే నెలలో ఎనిమిదింటికే తారు కాలుతుంటుంది. చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకండ్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉంచలేవు. కాబట్టి పొద్దున్నే పోవాలి. ఎంత పొద్దున్నే అంటే చీకటుండగానే అని ఎవరైనా అంటారు. అలిపిరి, చెర్లోపల్లి, జూపార్కు రోడ్డు వైపు ఉండేవాళ్ళు మాత్రం ఆ పని చెయ్యొద్దు. శేషాచలం చిరుతలకు కుక్క అంటే వేట కాదు, పలహారం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుతకు బలైంది, ఆ తర్వాతే నడిచే భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. యూనివర్సిటీల వైపూ చిరుత తిరిగిందన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. కొండ అంచు రోడ్లు ఎంత నీడగా, ఎంత ఖాళీగా ఉన్నా బాగా తెల్లారాకే, అదీ నలుగురు నడిచే వేళకే. పొద్దు గూకాక అసలు వద్దు.

అందుకే నేను దక్షిణం వైపు పోతాను. తిరుచానూరు దాటి స్వర్ణముఖి వైపు, లేకుంటే తొండవాడ దిక్కుకు. పొలాల మధ్య మట్టిబాటలు, చెరువు కట్టలు. మే నెలలో ఆరుకు ముందే తెల్లారుతుంది, ఏడుకల్లా ఇంటికి వచ్చేయొచ్చు. మట్టి కుక్క కీళ్ళకు మంచిది, తారంత వేడెక్కదు. అయితే కట్టల మీద పల్లేరుకాయలుంటాయి, సర్కారు తుమ్మ ముళ్ళుంటాయి. నా టైరు పంక్చరైన రోజునే మణి ముందుకాలు ఎత్తి కుంటుతూ నిలబడ్డాడు. వేళ్ళ సందులో నాలుగు మొనల పల్లేరుకాయ, టైరులో దాని అన్నదమ్ముడు. అప్పటినుంచీ సైకిలు సంచీలో పంక్చరు బిళ్ళలతోపాటు చిన్న పట్టకారు కూడా ఉంటుంది. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు అక్టోబరు నడుమ, తమిళనాడు నుంచి భక్తులు గుంపులుగా నడిచి వస్తుంటారు, ఆ రోజుల్లో చిత్తూరు, పుత్తూరు రోడ్లను వదిలెయ్యండి. చెప్పుల్లేని కాళ్ళ నడుమ కుక్కతో సైకిలు మర్యాద కాదు.

నీళ్ళు పట్టడానికి ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముతారు. ఈ ఊళ్ళో కొబ్బరిచిప్పకు కరువా? ఒకటి సంచీలో పడేయండి. రొప్పడం ఆగకపోవడం, నాలుక వెడల్పుగా వేలాడడం, చొంగ చిక్కబడడం, చిగుళ్ళు ఎర్రగా ఇటుకలా మారడం, కాళ్ళు తడబడడం, ఇవి వడదెబ్బ గుర్తులు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 105 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టు. నీడకు చేర్చి ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి, తుండుతో విసురుతూ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఐసు గడ్డలు రుద్దొద్దు.

వీధికుక్కలు. సైకిలు వంద గజాలకొక రాజ్యం దాటుతుంది, ప్రతి రాజ్యానికీ కాపలా ఉంటుంది. వేగంగా తొక్కి తప్పించుకుందామనుకోవడం మొదటి తప్పు, పరుగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం. ఆగండి, దిగండి, సైకిలును అడ్డంగా పెట్టి మీ కుక్కను వెనక్కు తెచ్చుకోండి, నడుచుకుంటూ దాటండి. దిగి నడిచేవాణ్ణి చూస్తే సగం కుక్కలకు ఆసక్తి పోతుంది. నాలుగైదు రోజులు ఒకే వేళకు ఒకే దారిన పోతే మిగతా సగానికీ పోతుంది. మీ కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించి ఉండాలి. మిమ్మల్ని ఏదైనా కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు కుళాయి ధార కింద సబ్బుతో కడిగి, ఆ రోజే తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని ఇంకో సర్కారు ఆసుపత్రికో పోయి సూదులు మొదలుపెట్టండి. పసుపూ కారమూ అద్దేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ మాట వినొద్దు.

నన్నడిగితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మూడు వారాల దాకా డబ్బు ఖర్చు పెట్టొద్దు. సైకిలును తోసుకుంటూ కుక్కతో నడవండి. అప్పటికీ అది చక్రానికి అడ్డం పడుతుంటే నడుము బెల్టు కొని కాలినడకన పరుగెత్తండి, లేదా నడకతోనే సరిపెట్టుకోండి. ఆ మూడు వారాల్లో అది మీ పెడల్ పక్కనే తలవంచి నడవడం నేర్చుకుందంటే అప్పుడు కడ్డీ పెట్టించండి.

మణి ఇప్పుడు స్టాండు తీసిన చప్పుడు వినగానే వచ్చి ఎడమ పక్కన నిలబడతాడు. ఈ ఆదివారం వాడి నూలుపట్టీ మార్చాలి, ఎండకు పీచు లేచింది.